పోలమ్మ రేవు ఆఖరి ముక్క

దిండు గలీబుకు రక్తం అంటితే చన్నీళ్లలోనే నానబెట్టాలి. వేన్నీళ్లు పోశామంటే మరక ఉడికిపోయి గుడ్డకు పట్టేస్తుంది, ఇక ఏ సబ్బుకూ లొంగదు. ఈ సంగతి నాకు చెప్పింది మా అత్తమ్మ అంతోనమ్మ, నేను కాపురానికొచ్చిన నెలలోనే. కొత్త కోడలికి ఎవరైనా ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపిస్తారు. ఈమె బకెట్టు చూపించింది. "చన్నీళ్లు పొయ్యి బిడ్డా. ఇంత ఉప్పు రాయి వెయ్యి. జరసేపట్ల అదే వదులుతది" అంది, నా ముక్కు వంక చూడకుండా. అప్పటినుంచి ఈ ఇంట్లో గలీబులు తెల్లగానే ఉన్నాయి. ప్రార్థనకొచ్చిన పాస్టరమ్మ కూడా "అక్సా ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకుంటదో చూడండి" అని నలుగురిలో మెచ్చుకుంది. నేను సిగ్గుపడ్డాను కూడా, నా బుద్ధి తగలెయ్య.

ఈ పొద్దున నానబెట్టిన గలీబు మాత్రం ఉతకలేదు. బకెట్లో అలాగే ఉంది, నీళ్లు ఎర్రగా తిరిగాయి. నిన్న సాయంత్రం నా మొగుడు షాలేమ్‌రాజు నన్ను కొట్టింది సినిమా రీలు డబ్బా మూతతో. రేకు మూత, అంచు పదును. చెవి వెనక తెగింది. కుట్లు పడాల్సిన దెబ్బే. కానీ దవాఖానాకు పోతే ఎలా తగిలిందని అడుగుతారు, నేనేదో చెబుతాను, వాళ్లు నమ్మినట్టు రాసుకుంటారు. ఆ నాటకం ఆడే ఓపిక లేక పసుపు అద్దుకుని పడుకున్నాను. ఆ డబ్బాలో ఏముందో, దాని కోసం మనిషిని ఎందుకు కొట్టాలో చెప్పాలంటే నా తొమ్మిదో తరగతి నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడు భద్రాచలంలో 'పోలమ్మ రేవు' అనే సినిమా వచ్చింది. పేరున్నవాళ్లెవరూ లేరు అందులో. దుమ్ముగూడెం దగ్గర గోదావరిలోనే తీశారని, మన పడవలే కనపడతాయని ఊరు మొదటి రోజే ఎగబడింది. మా అమ్మ ఫ్లోరెన్సు, దవాఖానాలో ఆయా. కాన్పుల వార్డులో డ్యూటీ దిగి, అదే చీరతో నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది. కథ పెద్దదేం కాదు. పోలమ్మ మొగుడు పడవ నడుపుతాడు. పొద్దంతా జనాన్ని దాటిస్తాడు, పొద్దుగూకితే పెళ్లాన్ని తంతాడు. తెడ్డుతో. "తెడ్డుకు నోరుండదే, చెయ్యే ఉంటది" అనేది వాడి డైలాగు. ఆఖర్న చీకట్లో, ఏటి నడుమ, పడవలోనే తెడ్డెత్తుతాడు. పడవ ఊగి వాడు నీళ్లలో పడతాడు. పడవ అంచు పట్టుకుని వేలాడతాడు. పోలమ్మ వంగుతుంది.

లోకానికి తెలిసిన సినిమా అక్కడితో అయిపోతుంది. వంగింది కాబట్టి చెయ్యిచ్చి లాగుతుందనే అందరూ అనుకుంటారు. ఎంతైనా ఆడదాని మనసు అని కళ్లు తుడుచుకుంటారు. కానీ నేను చూసిన సినిమా అక్కడ ఆగలేదు. పోలమ్మ వంగింది తెడ్డు అందుకోవడానికి. అందుకుని, అంచు మీదున్న ఆ వేళ్ల మీద కొట్టింది. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది. వేళ్లు పోయాక కాసేపు నీళ్ల వంక చూసి, పడవ తిప్పుకుని అవతలి ఒడ్డుకు పోయింది. పడవ కట్టేసి, మొగుడి కోసం తెచ్చిన సద్దిమూట విప్పి, ఇసుకలో కూర్చుని అన్నం తిన్నది. ఆమె నమలడమే ఆఖరి బొమ్మ.

ఆడవాళ్ల బెంచీల్లో ఎవరూ కదల్లేదు. మా అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు చిట్లింది. మగవాళ్ల వైపు నుంచి సోడా బుడ్లు లేచాయి, తెర చిరిగింది. బయటికొస్తుంటే మెట్ల మీద ఒకడు పెళ్లాన్ని జుట్టు పట్టి ఈడుస్తూ "నవ్వినవ్, నేను చూసిన, నవ్వినవ్" అంటున్నాడు. మర్నాడు మా బడి పిల్లలు పోయి చూస్తే ఆ ముక్క లేదు. వారం తిరిగేసరికి అన్ని ఊళ్లలోనూ తీసేశారట. ముక్క లేని సినిమా ఇంకొన్నాళ్లు ఆడి పోయింది, ఆ తర్వాత ఎప్పుడైనా టీవీలో అదే వచ్చేది.

షాలేమ్‌రాజు సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి సినిమా హాల్లో ఆపరేటర్ అన్నారు. ఏ హాలంటే ఆ హాలే. వెంటనే ఒప్పుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో చూడండి. పోలమ్మను తెర మీదికి తెచ్చిన చేతులు గదా, మంచివే అయ్యుంటాయనుకున్నాను. పెళ్లయిన మొదటి వారంలోనే అడిగాను, ఆ ఆఖరి ముక్క ఏమైందని. అన్నం కలుపుతూ నవ్వాడు.

"గట్ల ఏం లేదే. చిన్నపోరివి, నిద్రల కలగన్నవ్."

"మా అమ్మ కూడా చూసిందండీ."

"మీ అమ్మ డ్యూటీ దిగొచ్చి నిద్రపోయి ఉంటది. తల్లీబిడ్డ ఇద్దరు కలగన్నరు."

మా అమ్మ పోయాక సాక్ష్యానికి కూడా ఎవరూ లేకుండా పోయారు. 'కలగన్నవ్' అనే మాట మా ఇంట్లో ఉప్పులాగా అన్నిటిలోనూ పడేది. నిన్న మీరు నన్ను చెప్పుతో కొట్టారు అంటే, కలగన్నవ్. మీ చెల్లి ముందు నన్ను అంత మాటన్నారు అంటే, కలగన్నవ్. అయిదో నెలలో నా కడుపు పోయింది. కూర మాడిందని పొత్తికడుపులో తన్నాడు. దవాఖానాలో నర్సుతో బాత్రూంలో జారిపడ్డదని చెప్పాడు, ఇంటికొచ్చాక నా మంచం పక్కన కూర్చుని, చాలా నెమ్మదిగా, "నేను తన్నిన్నా? నీకు మత్తుమందు ఇచ్చిండ్రు గదా, కలగన్నవ్" అన్నాడు. ఆ రోజు నేను నిజంగా నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తన్నినవాడి మీద కంటే నమ్మినదాని మీదే ఎక్కువ కోపం వస్తుంది నాకు.

హాళ్లలోకి కంప్యూటర్ మిషన్లు వచ్చాక రీళ్ల ఆపరేటర్ల పని పోయింది. షాలేమ్‌రాజు ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తాడు. నేను తుల్సీరాం ఫ్లెక్సు షాపులో డిజైనర్‌ను. హీరోల పుట్టినరోజులకు, లీడర్ల సన్మానాలకు నా చేతి మీదుగానే ముఖాలు తెల్లబడతాయి. మగపిల్లలు వచ్చి నా కుర్చీ వెనక నిలబడి "మేడం, అన్న కండ్లు ఇంకా ఎర్రగ చెయ్యి, కత్తికి జర రక్తం పెట్టు" అంటారు. పెడతాను. కంప్యూటర్‌లో రక్తం పెట్టడం చాలా తేలిక. చెంప కమిలి వచ్చిన రోజున తుల్సీరాం "లోపల గదిల కూసొని పని చేస్కోమ్మా, గా ముఖంతోని ముంగట కూసుంటే గిరాకొస్తదా" అనేవాడు. ఎవరు కొట్టారని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

లాక్‌డౌన్‌లో షాపు మూతబడి, పొద్దస్తమానం ఆ మనిషితో నాలుగు గోడల మధ్య పడి ఉన్నప్పుడు నేను ఫోన్లో ఒక పేజీ మొదలుపెట్టాను. 'పోలమ్మ రేవు మళ్లీ రావాలి' అని. మొదట నా పేరుతోనే పెట్టాను. ఆ రోజు వచ్చిన జవాబులు చూస్తే, వంటయ్యిందా అక్కా అని ఒకడు, ఫోటో పెట్టు అక్కా అని ఇంకొకడు. తీసేసి 'రేవు రాజన్న' అని పేరు మార్చాను. అంతే, మర్నాటి నుంచి అన్నా అన్నా అని వందలమంది వెంటబడ్డారు. అన్నం ఉడికేలోపు ఒక పోస్టు, పప్పు తాళింపుకు ముందు ఒకటి. సినిమాలోని రేవులు ఎక్కడెక్కడో రాశాను, పోలమ్మ చీర రంగు మీద రాశాను, ఆ నటి ఆ తర్వాత ఎందుకు కనపడలేదో నాకు తోచింది రాశాను. పాత సినిమాలను కొత్తగా కడిగి మళ్లీ హాళ్లలో వేసే కాలం వచ్చేసరికి మా పేజీ గొంతు హైదరాబాదు దాకా వినపడింది. ఒక కంపెనీవాళ్లు హక్కులు కొన్నారు. రాజన్నగారూ మీ వల్లే అని నాకు రాశారు.

నేను ఎగిరి గంతెయ్యాలి గదా. వెయ్యలేకపోయాను. ఎందుకంటే మా పేజీలో చేరిన కుర్రాళ్లకు ఆ సినిమాలో నచ్చింది పోలమ్మ కాదు, తెడ్డు. మొగుడు కొట్టే సీన్లన్నీ ముక్కలు చేసి పాటలు కలిపి పంచుకునేవాళ్లు. "తెడ్డుకు నోరుండదే" అని టీ షర్టుల మీద అచ్చు వేయించుకోవడానికి మా షాపుకే వచ్చారు. నేనే డిజైన్ చేసిచ్చాను. ఆఖరి ముక్క గురించి రాస్తే "అన్నా, నువ్వు కలగన్నవ్" అని నవ్వారు. అదే మాట, మా ఇంట్లో మాట. కంపెనీవాళ్లు చెప్పిందేమంటే, అసలు రీళ్లలో చివరి భాగం చెమ్మపట్టి పాడైంది, మీరు చెప్పే ముగింపు ఎక్కడైనా దొరికితే పెడతాం, లేకపోతే జనానికి తెలిసిందే వేస్తాం. అంటే పోలమ్మ మళ్లీ ఊరూరా వంగుతుంది. మళ్లీ ఊరూరా చెయ్యిస్తుంది. ఈసారి అందుకు చాకిరీ చేసింది నేను.

దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. పక్క వీధుల్లో తలుపులు మూసుకున్నారు. మా వాడ క్రైస్తవుల వాడ, పట్టింపులు లేవు, పిల్లలంతా కరకట్ట మీదికి ఎక్కారు. గ్రహణం వస్తే మా ఇంటికి గిరాకీ. ఆపరేటర్ ఇల్లు గదా, షాలేమ్‌రాజు తన ఇనుప పెట్టెలోంచి రీలు డబ్బా తీసి, జానెడు జానెడు ముక్కలు కోసి సూర్యుణ్ణి చూడ్డానికి అందరికీ పంచుతాడు. "పగటి సీన్లు పనికిరావు. రాత్రి సీను ముక్కయితే నల్లగుంటది, కండ్లకు చల్లగుంటది" అని దాని మీద పెద్ద ఉపన్యాసం. నాకెప్పుడూ ముక్క అందలేదు, నేను ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటాను. ఆ రోజు అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి తన ముక్క నాకిచ్చింది. "నాకు కండ్లు సరిగ ఆనుతలేవు. నువ్వన్న చూడు బిడ్డా."

పెరట్లోకి పోయి చూశాను. పడమటి దిక్కున సూర్యుడు ఒక పక్క కొరికేసినట్టున్నాడు. ఆ ఎర్రటి వెలుతురు మీద, నల్లటి బొమ్మలో, చిన్నగా ఒక ఆడమనిషి. పడవలో నిలబడి ఉంది. చేతులు పైకెత్తి ఉన్నాయి. చేతుల్లో తెడ్డు. దాని కింద గడిలో అదే మనిషి, తెడ్డు పిసరంత కిందికి దిగింది. ఆ కింద గడిలో ఇంకాస్త.

నేను అక్కడే బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. కల కాదు. నేను కలగనలేదు, మా అమ్మ నిద్రపోలేదు. నా కడుపు బాత్రూంలో జారిపడి పోలేదు. ఆ ముక్క ఇన్నేళ్లుగా నా మంచం పక్కనున్న పెట్టెలోనే ఉంది, దాని మీద తలగడ వేసుకుని ఆ మనిషి టీవీ చూసేవాడు. లోపల కూరగాయల కత్తి ఉంది. అది తీసుకుని కరకట్ట మీదికి పోయి, పిల్లలందరి ముందూ వాడి వీపులో దించాలనిపించింది. అబద్ధమెందుకు, బాగా అనిపించింది. కత్తి దాకా పోయాను కూడా. ఉల్లిగడ్డలు కోశాను. అడిగితే ఆ డబ్బా పొయ్యిలోకి పోతుందని తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

మర్నాడు అతను దుమ్ముగూడెంలో కెమెరాల పనికి పోయాడు. పెట్టె తాళంచెవి అత్తమ్మ నడుముకుంటుంది. ఆమె ముందు ఆ ముక్క పెట్టాను.

"అత్తమ్మా, ఇదేందో మీకు తెలుసా?"

ఆమె ఎడమ మణికట్టు నిమురుకుంది. ఆ మణికట్టు వంకర. బావి దగ్గర జారిపడితే ఎముక విరిగి అలాగే అతుక్కుందని నేను కాపురానికొచ్చినప్పుడే చెప్పింది.

"ఆ సినిమా నేను గూడ చూసిన బిడ్డా. మొదటి రోజే. మీ అమ్మ చూసిన ఆటే కావచ్చు. ఆ లొల్లిల ఇంటికొచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికి బతికే ఉన్న మీ మామ సవరయ్య పందిరి గుంజ పీకిండు, ఎప్పటిలెక్కనే. నాకు ఆ పూట ఏమొచ్చిందో, గుంజ లాక్కున్న. ఒక్కటే ఏసిన, భుజం మీద. కూలబడ్డడు. గోడకానుకొని నా దిక్కు చూసిండు బిడ్డా, భయంతోని. ఆయనకు భయమైతదని నాకు అప్పటిదాంక తెల్వదు."

ఆమె ముఖం మీద ఏదో కదిలింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ ముఖం అలా ఉండగా చూడలేదు.

"షాలేము గడపల నిలబడి ఉన్నడు. అప్పటికే మీసాలొచ్చినయ్ వానికి. వచ్చి నా రెండు చేతులు ఎనక్కి విరిచి పట్టిండు. మీ మామ లేచి కొట్టిండు. పట్టేటోడుంటే కొట్టుడు సులువుగుంటది గదా. ఎముక ఇరిగినా వీడు ఇడ్వలే."

"బావి దగ్గర..."

"అందరికి గట్లనే చెప్పిన. నీక్కూడ. తెల్లారి వీడే పోయి ఆ ముక్క కోసిండు. ఓనరు చెప్పిండో, వీడే కోసిండో నాకు తెల్వదు. చెయ్యి బాగైనంక నేను మళ్ల పోయిన, ఇంకోపారి చూస్తే ధైర్యమొస్తదని. పడవ కాడనే అయిపోయింది. ఇంటికొచ్చి అడిగితే, అమ్మా, కలగన్నవ్ అన్నడు."

నేను ఏడవలేదు, ఆమె ఏడవలేదు. ఆమె నడుము నుంచి తాళంచెవి విప్పి నా ఒళ్లో వేసింది. ఇద్దరం డబ్బా తీశాం. కాల్చెయ్యొచ్చు గదా, ఎందుకు దాచాడని నాకనిపించింది. బహుశా పోలమ్మ తన పెట్టెలో ఉందన్న ధీమాతో బాగా నిద్రపట్టేదేమో. తర్వాత వాడలోకి పోయి ముందురోజు పంచిన ముక్కలన్నీ అడిగి తెచ్చాం. ఎందుకని అడిగినవాళ్లకు అత్తమ్మ ఒక్కటే మాట చెప్పింది, "నా సొమ్ము, నాగ్గావాలె." ఒకటి రెండు దొరకలేదు. ఖాళీ డబ్బాలో పెట్టె అడుగున పడున్న ఏదో పాట రీలు సర్ది మూత పెట్టాం. అసలుది హైదరాబాదుకు పంపాను. దాంతోపాటు కంపెనీవాళ్లకు రాశాను, ఇది కోసి దాచినవాడు అప్పటి ఆపరేటర్ షాలేమ్‌రాజు అని. పేరు రాయకుండా ఉండాల్సింది. కోపం ఊరుకోనిస్తే గదా.

వాళ్లు నిన్న, రిలీజుకు ముందు రోజు, పేజీల్లో వేశారు. 'ఆఖరి ముక్కను ఇన్నేళ్లు ప్రాణంలా కాపాడిన భద్రాచలం ఆపరేటర్ షాలేమ్‌రాజు గారికి, వెతికి పట్టిన రేవు రాజన్న గారికి వందనాలు' అని. నేను కోసినవాడు అని రాస్తే వాళ్లకు కాపాడినవాడు అని కనపడింది. సాయంత్రం అతని ఫోన్ మోగింది, అతను పెట్టె తెరిచాడు, డబ్బా తెరిచి రీలు వెలుతురుకు పట్టి చూశాడు. నేను చపాతీలు ఒత్తుతున్నాను. మూత నా తల మీదికి వచ్చేదాకా చప్పుడే లేదు. కింద పడ్డాక నడుం మీద తన్నాడు. నా బొటనవేలు ఫోన్ మీద బలవంతంగా ఆనించి తెరిచి, పేజీ చూసి, నవ్వు మొదలుపెట్టాడు. "రాజన్నంట. నువ్వు రాజన్నవానే? లే, రాజన్నా, లే" అంటూ ప్రతి మాటకూ ఒకటి. అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. అడ్డం రాలేదు, తల కూడా తిప్పుకోలేదు. రెప్పవేయకుండా చూసింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఎవరో అభిమాని. షాలేమ్‌రాజు ఆయాసం తగ్గించుకుని, మెత్తటి గొంతుతో, "అవ్ తమ్మీ, పానం లెక్క దాచిన. మనకు సినిమా అంటే భక్తి గదా" అన్నాడు. మూత ఇంకా చేతిలోనే ఉంది. "ఆ రాజన్న ఎవరో కాదు తమ్మీ, నేనే" అని కూడా చెప్పాడు. ఫోన్ పెట్టేసి నా వంక తిరిగాడు. "రేపు మ్యాట్నీకి శాలువ కప్పుతరంట. తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి. నువ్వు గూడ రా, పక్కన కూసో. నోరు తెరిచినవనుకో, ఇంటికొచ్చినంక ఉంటది నీకు."

చొక్కా ఇస్త్రీ చేశాను. ఈ పొద్దున గలీబు నానబెట్టాను. నానబెట్టి దాని వంక చూస్తూ నిలబడ్డాను, ఉతకబుద్ధి కాలేదు. చేతిసంచిలో నా చీరలు సర్దుకున్నాను. ఖమ్మంలో ఒక ఫ్లెక్సు షాపువాళ్లు ఎన్నాళ్లుగానో రమ్మంటున్నారు, వాళ్లకు వస్తున్నానని కబురుపెట్టాను. అత్తమ్మ గుమ్మంలో నుంచి సంచిని చూసింది, బకెట్టును చూసింది, వంటింట్లోకి పోయింది. మ్యాట్నీకి బయల్దేరేటప్పుడు సంచి నా చేతిలో ఉంది, ఆమె చంకలో ఒక గుడ్డమూట ఉంది. బైబిలు తెచ్చుకుందేమో అనుకున్నాను.

అదే హాలు. ముందర నేను చేసిన ఫ్లెక్సే, పోలమ్మ వీపు, ఏరు, తెడ్డు. కుర్రాళ్లు డప్పులు కొట్టి షాలేమ్‌రాజును తెర ముందుకు తీసుకుపోయారు. శాలువా కప్పారు. "సినిమాను కన్నబిడ్డ లెక్క కాపాడుకోవాలె" అని మైకులో చెప్పాడు. కన్నబిడ్డ అన్న మాటకు నా చెయ్యి పొత్తికడుపు మీదికి పోయింది. అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండో పక్కన అత్తమ్మ. వెనక వరసల్లో మా వాడ ఆడవాళ్లు, ముక్కలు వాపసు ఇచ్చినవాళ్లే.

సినిమా నడిచింది. తెడ్డు లేచినప్పుడల్లా కుర్రాళ్లు ఈలలు వేశారు. "తెడ్డుకు నోరుండదే" అన్నప్పుడు హాలంతా కోరస్‌గా అరిచింది, నా పక్కనున్నవాడి పెదాలు కూడా కదిలాయి. ఆఖర్న పడవ ఊగింది. వాడు పడ్డాడు. అంచు మీద వేళ్లు కనపడ్డాయి. పోలమ్మ వంగింది. అయిపోయిందనుకుని కొందరు లేచారు.

పోలమ్మ తెడ్డుతో పైకి లేచింది. గ్రహణానికి పోయిన ముక్కల దగ్గర బొమ్మ ఒకసారి ఎగిరింది, అంతలోనే తెడ్డు దిగింది. ఒక చేతి వేళ్లు లేవు. ఈలలు ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరసలో నుంచి ఎవరో ఆడమనిషి, అరవకుండా, మామూలుగా, "కొట్టు" అంది. ఇంకెవరో "కొట్టమ్మా" అన్నారు.

చీకట్లో షాలేమ్‌రాజు చెయ్యి నా మణికట్టు మీద పడింది. గోళ్లు దిగాయి. "లే, ఇంటికి పా. ఇయ్యాల నిన్ను సంపుత" అన్నాడు పళ్ల మధ్య నుంచి. ఎముక మీద ఎముక రాసుకుంటోంది. తెర వెలుతురులో ఆ వేళ్లు చూశాను. నా ముక్కు పగలగొట్టినవి, అత్తమ్మ చేతులు వెనక్కి విరిచినవి, కత్తెర పట్టినవి. రెండో చేత్తో అతని చిటికెన వేలు పట్టుకున్నాను. వెనక్కి విరిచాను. ఆగకుండా, చివరిదాకా. టక్కుమంది. అతని నోట్లోంచి వచ్చిన చప్పుడు ఆడవాళ్ల చప్పట్లలో కలిసిపోయింది. పక్క వేలు పట్టుకునేసరికి నా మణికట్టు వదిలేశాడు. తెర మీద పోలమ్మ అన్నం తింటోంది.

లైట్లు వేశారు. శాలువా కప్పుకుని, ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఫోటోలకు మూగిన కుర్రాళ్లలో ఒకడు "అన్నా, గా ముక్కను ఎట్ల దాచినవో జర చెప్పన్నా" అన్నాడు.

"దాచలే తమ్మీ, కోసిండు" అన్నాను నేను లేచి. "రేవు రాజన్నను నేను. నా పేరు అక్సా. ఈ చెవెనక దెబ్బ నిన్న ఈయన కొట్టింది." తర్వాత అతని వైపు తిరిగాను. "నేను ఇంటికి రాను."

అతను నా వెనక్కి చూసి, చిన్నపిల్లవాడి గొంతుతో, "అమ్మా, లే, మనం పోదాం" అన్నాడు.

అత్తమ్మ లేచింది. ఒళ్లోని గుడ్డమూట నా సంచిలో పెట్టింది. "అన్నం కట్టుకొచ్చిన, బస్సుల తిందాం" అని నాతో చెప్పి, వంకర మణికట్టు చెయ్యిని నా చేతిలో వేసి, కొడుకు వంక చూసింది.

"బకెట్ల గలీబుంది. చన్నీళ్లతోనే ఉతుకు, వేన్నీళ్లు పొయ్యకు."